బావగారి నల్లమట్టితో నాంపల్లికి

ఏలూరులో రాత్రి రైలెక్కి ఉదయం ఆరున్నరకు నాంపల్లిలో దిగాం, నేనూ మా అక్కయ్య భర్త సత్యం బావా. ఆయన ఒళ్లో గుడ్డసంచి, అందులో రెండు కిలోల కొల్లేటి మట్టి. నాచూ తుంగా కుళ్లి పేరుకున్న పీట్ నేల అది. నలిపితే కాఫీపొడిలా రాలుతుంది. రెండేళ్లుగా అందులో వరి ఏపుగా పెరుగుతోంది గాని వెన్నులో అంతా తాలే, గింజ పట్టదు. ఈసారీ పండకపోతే పొలం చేపల చెరువుకు ఇచ్చేద్దామని కొడుకులు తేల్చేశారు. ఏ సూక్ష్మపోషకం తక్కువో చెప్పే పరీక్షశాల నాంపల్లిలో ఉంది. తెరిచేది పదింటికి.

అందాకా ఆబిడ్స్‌లో బావ చెల్లెలు లక్ష్మి ఇంటికి వెళ్లాం. చుట్టాల చేతిలో సంచి గుమ్మంలోనే అందుకోవడం మావాళ్ల మర్యాద. అందుకుంది, విప్పి చూసింది.

"నా గులాబీలకు మట్టి తెమ్మన్నది మర్చిపోలేదన్నమాట అన్నయ్యా!"

ఆమె అడిగి మూడేళ్లయింది. బావ మొహమాటానికి "ఆ, మరి" అన్నాడు. మేం స్నానాలు చేసి వచ్చేసరికి మట్టి కుండీల్లో ఉంది.

ఆమె ఉప్మా కలుపుతుండగా ఇద్దరం చెంచాలతో బాల్కనీలో కూర్చుని కుండీల్లోంచి మట్టి తవ్వి పొట్లం కట్టాం. విలేకరిగా దొంగతనాల గురించి చాలా రాశాను గాని, చేయడం అదే మొదలు.

పరీక్షశాలలో యాదగిరి గారు పొట్లం విప్పి వాసన చూశారు. "ఏంది సార్ ఇది? గొర్రె ఎరువు కలిసింది. గులాబీ రేకు గూడ ఉన్నది. గిట్లైతే రిపోర్టు మీ పొలానికి గాదు, కుండీకి వస్తది."

మళ్లీ ఊరెళ్లి మట్టి తెచ్చేలోగా నాట్ల అదను దాటిపోతుంది. బావ నీరుకారిపోయాడు. లక్ష్మికి ఫోన్ నేనే చేశాను.

అరగంటలో గాజు సీసాతో ఆటో దిగింది. సగం మట్టి వచ్చే ఏడాదికని విడిగా దాచిందట.

"నోరు విప్పితే ఇవ్వనా? చిన్నప్పటి నుంచీ ఇంతే. నచ్చలేదని చెప్పలేకే వదినను చేసుకున్నాడు," అంది నాతో. ఆ వదినే మా అక్కయ్య.

యాదగిరి గారు కావలసినంత తీసుకుని, మేం తెచ్చిన కిందటి పంట తాలు వెన్నులు చూశారు. "రాగి తక్కువున్నట్టు కొడుతున్నది. ఫికర్ జెయ్యకున్రి, నాలుగొద్దులల్ల తెలుస్తది. మిగిలిన మట్టి మాత్రం పారెయ్యకున్రి, మళ్ల అడుగుతమేమో." రిపోర్టు రాకముందే రాగి కోసమని మైలుతుత్తం కొని చల్లవద్దని కూడా హెచ్చరించారు. మీరు వెళ్తే నా సలహా ఒక్కటే: ముందు పరీక్షశాల, తర్వాతే చుట్టాలు.

సాయంత్రం ఐదింటి రైల్లో ఎదురు సీటావిడ సీసా చూసి, "మట్టి భలే ఉందండీ, మా మల్లెకు కాస్త పెట్టరూ?" అంది.

బావ మూత మీద చెయ్యి వేశాడు. కాజీపేట దాకా చెయ్యి తియ్యలేదు, నోరూ విప్పలేదు. ఆవిడ దిగిపోయి, రైలు కదిలి, ప్లాట్‌ఫారం దాటాక గట్టిగా అన్నాడు:

"ఇవ్వనండీ."