నాయన పెట్టిన కందెన

మొన్న మా వీధిలో పెళ్లికొడుకును ఊరేగించడానికి ఎక్కడినుంచో ఒక పాతకాలపు కారు తెచ్చారు. మనవడు చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించాడు. పూలదండల కింద నల్లగా మెరుస్తున్న ఆ బండిలోకి తొంగిచూస్తే, బండి కదలకుండా నిలబడి ఉన్నా స్పీడోమీటరు ముల్లు మాత్రం నలభై దగ్గర ఆగి ఉంది. కుర్రవాళ్లకు ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఆనాటి బండ్లు నడిపినవాళ్లు మన వయసువాళ్లలో ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకు తెలుస్తుంది, ముల్లు ఊరికే ఆగదు, దాని వెనక తీగకు ఏదో అయి ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను మార్కాపురంలో ఒక డాక్టరమ్మగారి దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. కారుకు చిన్న మర కావాలన్నా మద్రాసు నుంచి రైల్లో రావలసిందే, యుద్ధం పుణ్యమా అని అదీ వచ్చేది కాదు. డాక్టరమ్మ పల్లెలకు పోయి, కాన్పు కష్టమైన ఆడవాళ్లను కారులో పడుకోబెట్టి ఆసుపత్రికి తెచ్చేవారు. ఒకసారి గతుకుల్లో బండి ఎగిరిపడి ఒక తల్లికి ప్రాణం మీదికి వచ్చింది. అప్పటినుంచి ఆమె నా పక్కన కూర్చుని ఆ ముల్లునే చూస్తూ ఉండేవారు, పదిహేను దాటితే ఊరుకునేవారు కాదు.

మా నాయన ఎద్దులబండి తోలేవాడు. మామూలుగా గనుల నుంచి పలకల రాయి, ఎండాకాలంలో దోర్నాల అడవి నుంచి వెదురు. ఇరుసు కీచుమన్నదంటే ఆ బండివాడికి తలవంపులని మావాళ్ల పట్టింపు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, ఆ కందెన ఇరుసుకు పట్టించనిదే నాయన ఎద్దులను కట్టేవాడు కాదు. అట్లాంటి మనిషిని ఒకసారి మా కారు ఎక్కించుకున్నాను. స్పీడోమీటరు తీగ ఎండిపోయి దారి పొడవునా కిచకిచమంటూనే ఉంది. ఆయన ముఖం మాడిపోయింది.

“ఏందిరా ఇది, ఇట్ల అరుస్తాంది? బండి నీ చేతికిచ్చినాక ఇట్లనేనా పెట్టుకునేది?” అన్నాడు.

బండి ఆపి, గొట్టంలాంటి తొడుగులోంచి ఆ సన్నని తీగను లాగి, చక్రాలతో పాటు ఇది తిరిగితేనే ముల్లు ఆడుతుందని చూపించాను. కొత్త ఎద్దును చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

తరువాత వెదురుకు దోర్నాల పోతూ మా ఇంటి దగ్గర ఆగాడు. నేను అన్నం తిని బయటికి వచ్చేసరికి కారు కిందినుంచి లేస్తున్నాడు. “ఇంక అరవదులే” అని, చేతులు పంచెకు తుడుచుకుని బండెక్కి పోయాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. అదే చివరి చూపు. అడవి జ్వరం తగిలి అక్కడే పోయాడు, కబురు అంది నేను చేరేసరికి మట్టి చేసేశారు. సమాధి దగ్గర పాస్టరయ్య ప్రార్థన చేస్తున్నంతసేపూ నా చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను. నాకు ఏమీ అనిపించలేదు. తిరిగి వచ్చాను, పనిలోకి పోయాను, పెట్టింది తిన్నాను. జనం పలకరిస్తే ఇంకెవరి నాయన గురించో అడుగుతున్నట్టు ఉండేది.

కొన్నాళ్లకు ముల్లు ఇరవై దగ్గర బిగుసుకుపోయింది.

“ఏమయ్యా, ఆగివున్న బండికి ఇరవై ఏమిటి?” అన్నారు డాక్టరమ్మ. “రేపు గిద్దలూరు నుంచి కాన్పు మనిషిని తేవాలి. ఇది బాగుచెయ్యి.”

ఇంటి ముందు కారు ఆపి తీగను లాగాను. నల్లగా, చిక్కగా కందెన. ఇరుసుకు పట్టించినట్టే నాయన ధారాళంగా పట్టించాడు, అది తొడుగు వెంట పైకి పాకి ముల్లును పట్టేసింది. ఆ సన్నని తీగకు అంత జిడ్డు పనికిరాదని ఆయనకు ఎట్లా తెలుస్తుంది? దాన్ని చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను. కిరసనాయిలు పళ్లెంలో పోసి ఉంది. కడిగితే నాయన చేతి పని పోతుంది. కడగకపోతే ఎవరో తల్లి ప్రాణం. ఆలోచించడానికేమీ లేదని తెలిసి కూడా చెయ్యి కదల్లేదు.

మా ఇంటావిడ వచ్చి చూసి గుర్తుపట్టింది.

“మామ నన్నడిగి తీసుకున్న ఆముదమే ఇది. నీకు చెప్పొద్దన్నాడు” అని గోడ పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. తీగను పళ్లెంలో వేసి, గుడ్డతో మొదటినుంచి చివరిదాకా తుడిచాను. మీటరు విప్పి ముల్లు వెనక కూడా శుభ్రం చేశాను. డాక్టరమ్మగారి మందుల బీరువాలోని వాసెలిన్ పలచగా రాసి బిగించాను. మర్నాడు ముల్లు చక్కగా ఆడింది, గిద్దలూరు అమ్మాయి క్షేమంగా ఆసుపత్రి చేరింది. సంతోషించాలని తెలుసు గానీ సంతోషం కూడా రాలేదు.

తీగ కడిగిన పూట మా ఇంటావిడ చెంబుతో నీళ్లు తెచ్చి అన్నానికి లెమ్మంది. కుడిచెయ్యి కడుక్కున్నాను. నాయన కందెన అంటిన ఎడమచెయ్యి అట్లాగే ఉంచుకుని తిన్నాను. ఆమె చూసింది.

ఈ కాలం బండ్లలో ఆ తీగా లేదు, తొడుగూ లేదు. ఏదైనా పాడైతే పెట్టెకు పెట్టె తీసి అవతల పారేసి కొత్తది బిగిస్తారు. మంచిదే, పని త్వరగా అవుతుంది. కాకపోతే ఎవరూ విప్పి చూడరు కాబట్టి, దాన్ని ఎవరు పాడుచేశారో, ఎంత ప్రేమతో పాడుచేశారో ఇంకెవరికీ తెలియదు.