ఎర్ర చీటీ మీద తేదీ

మా బావ సంతకం లేనిదే మా వీధిలో ఎవరూ నేల విడిచి పైకి లేవరు. ఆయన లిఫ్టుల మెకానిక్. పదకొండు భవనాల లిఫ్టులు ఆయన చేతి కింద ఉన్నాయి. నెలకోసారి వచ్చి చూసి, అన్నీ బాగుంటే లోపల తెల్ల చీటీ పెడతాడు. ఏ మాత్రం అనుమానం వచ్చినా తలుపుకి ఎర్ర చీటీ అంటించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. ఇక బ్రహ్మదేవుడు దిగి వచ్చినా ఆ లిఫ్టు కదలదు.

అందుకే అందరూ ఆయన్ని ఎర్రచీటీ అంటారు. కూరగాయల దుకాణంలో మా అక్కని కూడా 'ఎర్రచీటీ గారి ఆవిడ' అనే అంటారు. అక్క మూతి ముడుచుకుంటుంది, కానీ బేరం మాత్రం మానదు.

అక్కా బావా రెండో అంతస్తులో ఉంటారు, నేను ఐదో అంతస్తులో ఉంటాను. మా భవనానికి ఎర్ర చీటీ పడితే వాళ్లకి పెద్ద నష్టం లేదు. రోజంతా కళ్లద్దాల షాపులో నిలబడి, వచ్చేవాళ్ల ముక్కుల మీద ఫ్రేములు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ ఎర్ర ముక్క కనబడితే నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఒక్క తీగ తెగితే కొంపలేం మునిగాయి బావా? ఇంకా వంద ఉన్నాయి కదా" అని దెబ్బలాడేదాన్ని.

"ఆ ఒక్కటే మిగతావాటికి దారి చూపిస్తుందమ్మాయ్" అనేవాడు. అంతకు మించి వాదించేవాడు కాదు.

ఆయన పరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. లిఫ్టుని మోసే ఇనుప తాడు చుట్టూ పాత గుడ్డ పట్టుకుని మెల్లగా జరుపుతాడు. తాడు బాగుంటే గుడ్డ సాఫీగా జారుతుంది. ఎక్కడైనా సన్నతీగ తెగి పైకి లేస్తే గుడ్డ అక్కడ చిక్కుకుంటుంది. చిక్కుకుందా, వెంటనే ఎర్ర చీటీ. దాని మీద మూడు గడులుంటాయి: లోపం ఏమిటి, గమనించిన తేదీ, సంతకం. ఆ మూడూ నింపేటప్పుడు బావ నాలుక కొస పంటి కింద పెట్టుకుని, అక్షరం అక్షరం దిద్దినట్టు రాస్తాడు. ఆ కాగితంలో ఆయన ఏనాడూ అబద్ధం రాయలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

బావ పాడతాడని భవనంలో అందరికీ తెలుసు. పాడుతుండగా చూసినవాళ్లు మాత్రం లేరు. లిఫ్టు నడిచే ఆ ఇరుకు గూట్లో నిలబడి, పని చేసుకుంటూ పాడేవాడు. ఆ గొంతు గోడలు పట్టుకుని ఒక్కో అంతస్తే పైకెక్కేది. మూడో అంతస్తు ముసలావిడ తలుపు బార్లా తీసి, కుర్చీ వేసుకుని మరీ వినేది. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడంటే మళ్లీ మూగనోమే.

నేను ఏడేళ్లుగా మా పేట నాటక బృందంలో గుంపుపాటలు పాడుతున్నాను, ఎప్పుడూ వెనక వరసే. ఈసారి వేసేది పాటల నాటకం. చంద్రుడికి నూనె పోసే ముసలాయన కథ. ఆయన నెలవంక మీద కూర్చుని పాడుతూ కిందికి దిగుతాడు. ఆ పాత్రకి మనిషిని ఎంపిక చేస్తామని హాలు గోడకి కాగితం అంటించగానే బావ పేరు నేనే రాయించాను. ఆయన్ని అడగలేదు. అడిగితే ఒప్పుకోడని తెలుసు.

ఆ హాలు మాకు ఊరికే దొరకలేదు. ఏడాదిన్నర మూసి ఉంటే, మా డైరెక్టరమ్మ ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి సాధించింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఒక్క ఫిర్యాదు వచ్చినా మళ్లీ తాళం వేస్తామని చెప్పే మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చారు. ఈ సంగతి బృందంలో అందరికీ తెలుసు. బావకి నేనే చెప్పాను.

ఎంపిక రోజు పదకొండుమంది వచ్చారు. ముందు కింద నిలబడి పాడించింది డైరెక్టరమ్మ. బావ తన బూట్ల వైపు చూస్తూ, వినీ వినబడకుండా పాడాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరి పాటా అయ్యాక ఆవిడ, "నేల మీద ఎవరైనా పాడతారు. పాత్ర ఉండేది పైన. ఎక్కండి" అంది.

పైన అంటే పన్నెండడుగుల ఎత్తు. ఒక చెక్క పీట, దానికి అట్టతో చేసిన నెలవంక. పీటని మోసేది ఒకే ఒక్క ఇనుప తాడు. అది పైదూలానికున్న కప్పీ మీదుగా వెళ్లి, గోడ పక్కనున్న చక్రానికి చుట్టుకుంటుంది. హాలు వాచ్‌మన్ దాని హ్యాండిల్ తిప్పితే చంద్రుడు లేస్తాడు. హాలు మూసి ఉన్న ఏడాదిన్నరా ఆ చంద్రుడు పైనే వేలాడుతూ ఉన్నాడు, తాడు కప్పీ మీద ఒకే చోట వంగి.

మందుల షాపాయన సగం ఎత్తుకే చెమటలు కక్కి, పాట మర్చిపోయి, దేవుణ్ని తలుచుకున్నాడు. మిగతావాళ్లూ అంతంతమాత్రమే. బావ ఎక్కాడు. నేల వదిలాడో లేదో, మనిషే మారిపోయాడు. గాల్లో కూర్చోవడం ఆయనకి కొత్తా? కాళ్లు వదిలేసి, తల ఎత్తి అందుకున్నాడు:

నూనె ఉంది, వత్తి ఉంది, వెలుగు మీది లెండి
దిగి వస్తున్నా మెల్లగా, తలుపు తీసి ఉంచండి

రెండో పాదం దగ్గర జేబురుమాలు తీశాడు. చెయ్యి పైకి చాచి, కప్పీకి కాస్త కింద తాడు చుట్టూ రుమాలు పట్టుకుని, మెల్లగా కిందికి జార్చాడు. కింద నుంచి చూస్తే చంద్రుడి మొహం తుడుస్తున్నట్టే ఉంది. నా కళ్లు చెమర్చాయి. మధ్యలో ఒకచోట ఆ చెయ్యి ఆగింది. పాట ఆగలేదు. కాస్త గట్టిగా లాగాడు, రుమాలు వచ్చేసింది.

హాలంతా చప్పట్లు. "ఆ చెయ్యెత్తడం చూశారా? అదీ నటన అంటే! ప్రతిసారీ అది ఉండి తీరాలి" అంది డైరెక్టరమ్మ.

అది నటన కాదు, అలవాటు. ఆ సంగతి నాకు తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది. బావకి ఆ క్షణమే తెలుసు.

కిందికి దిగాక ఆయన చెయ్యి పైజేబు మీదికి వెళ్లింది. ఎర్ర చీటీలు ఉండేది అందులోనే. అది నేను చూశాను. తాడు సంగతి నాకేం తెలుసు? ఈయన ఏదో ఒక వంక పెట్టి ఇక్కడా అందరి నోళ్లలో పడతాడని తోచింది. పక్కకి లాగి, పళ్ల బిగువున అన్నాను: "బావా, నీకు దణ్ణం పెడతాను. ఇక్కడ కూడా మొదలుపెట్టకు. నలుగురూ మెచ్చుకుంటున్నారు, ఒక్కసారైనా మనుషుల్లో మనిషిలా ఉండు."

చెయ్యి ఖాళీగా కిందికొచ్చింది. నేను ఆ మాట అనకపోతే ఏం జరిగేదో నాకు తెలియదు. అన్నానని మాత్రం ఇక్కడ చెప్పి తీరాలి.

మర్నాటి నుంచి ఎర్రచీటీ అన్న పేరే పోయింది. వీధిలో అందరూ "నెలవంక గారూ" అని పలకరించడం మొదలుపెట్టారు. ఆయన నవ్వేవాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, పొగిడితే చెవులు ఎర్రబడేవి. రోజూ సాయంత్రం రిహార్సల్‌లో పైకి వెళ్లేవాడు, పాడేవాడు, చెయ్యెత్తి రుమాలు జార్చేవాడు. ఒక్క షరతు పెట్టాడు: తాను తప్ప ఆ పీట ఎవరూ ఎక్కకూడదు. "అప్పుడే కొమ్ములొచ్చాయి చూడండి" అని మందుల షాపాయన నా చెవిలో ఊదాడు.

ఆరో రోజున అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. చేతిలో ఉతికిన రుమాళ్లు ఉన్నాయి. నాలుగింటికీ పోగులు లాగేసి, మధ్యలో చిరుగులు.

"మీ బావకి ఏమైందే? రుమాళ్లన్నీ పిల్లి పీకినట్టు తెస్తున్నాడు. అన్నం ముందు కూర్చుని అంకెలు చెప్పుకుంటున్నాడు. మొన్న నాలుగు అన్నాడు, నిన్న ఏడు, ఇవాళ పదకొండు. అడిగితే ఏం లేదంటాడు."

"పాటకి తాళం లెక్కపెట్టుకుంటున్నాడేమోలే" అని నవ్వాను. అక్క నవ్వలేదు. ఒక రుమాలు వేలికి చుట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. నా మనసు ఏదో కీడు శంకించింది. చేతులు కడుక్కుని పనికి వెళ్లిపోయాను.

తొమ్మిదో రోజు బావ పని ఉందని రిహార్సల్‌కి రాలేదు. డైరెక్టరమ్మకి అదే పెద్ద బెంగ అయింది. "ఈయనకి రేపు జ్వరం వస్తే నాటకం ఏం కాను? రెండో మనిషి ఉండాలి. ఇప్పుడే ఎంపిక పెడతాను. పేర్లు ఇవ్వండి" అంది.

నేను పేరిచ్చాను. ఏడేళ్లు వెనక వరసలో నిలబడితే ఎవరికైనా పుడుతుంది ఆశ. బావ వద్దన్న మాట గుర్తుంది. గుర్తుండే ఇచ్చాను. చంద్రుడు ఆయన సొత్తా అనుకున్నాను.

మొదట మందుల షాపాయనే ఎక్కాడు. తొంభై కిలోల మనిషి. పోయినసారికంటే రెండడుగులు ఎక్కువ లేచి, దించండి బాబోయ్ అన్నాడు. తర్వాత నేను కూర్చున్నాను. వాచ్‌మన్ తిప్పుతుంటే నేల దూరమైంది. పైన ఎక్కడో టిక్కుమంది. కళ్లద్దాల కాడ విరిగినప్పుడు వచ్చే చప్పుడు అది, నాకు బాగా తెలుసు. కాసేపటికి మళ్లీ టిక్కుమంది. పాత చెక్క ఏదో అనుకుని పాట అందుకున్నాను.

రెండో పాదం దగ్గర బావలాగే చెయ్యెత్తాను. నా దగ్గర రుమాలు లేదు. ఉత్త చేత్తో తాడు పట్టుకుని కిందికి జార్చాను. అరచేతిలో ఒకటి కాదు, పది ముళ్లు దిగాయి. చెయ్యి తీసి చూస్తే రక్తం. తల ఎత్తితే, తాడు మీద సన్నతీగలు బ్రష్షు పళ్లలా లేచి ఉన్నాయి.

అప్పుడే బావ గుమ్మంలోకి వచ్చాడు. భుజాన కొత్త ఇనుప తాడు చుట్ట. నన్ను చూశాడు. అరవలేదు. చుట్టని చప్పుడు కాకుండా నేల మీద దించాడు.

"వాచ్‌మన్, హ్యాండిల్ కదపకు. పైకొద్దు, కిందికొద్దు" అన్నాడు. తర్వాత నాతో, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా, "అమ్మాయ్, కాళ్లు ఊపకు. తాడు ముట్టుకోకు. పాట ఆపకు" అన్నాడు.

నిచ్చెన వెతికి తెచ్చేదాకా ఆ రెండు పాదాలే పాడాను. ఎన్నిసార్లో తెలియదు. తలుపు తీసి ఉంచండి అన్నప్పుడల్లా పైన టిక్కుమంటుందేమోనని ప్రాణాలు పిడికిట్లో పెట్టుకున్నాను. నిచ్చెన పీటకి ఆనించకుండా పక్కగా నిలిపి, బావే ఎక్కి, నా నడుం పట్టుకుని తన వైపు తీసుకున్నాడు. నేల మీద నిలబెట్టాకే వదిలాడు.

బావ పైజేబులోంచి ఎర్ర చీటీ తీసి, పెన్ను తీసి, నాలుక కొస పంటి కింద పెట్టుకుని మూడు గడులూ నింపాడు. చక్రానికి అంటించాడు. డైరెక్టరమ్మ కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికెళ్లి చదివింది. తేదీ దగ్గర ఆగింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఇది ఎంపిక జరిగిన రోజు" అంది. "తొమ్మిది రోజుల కిందటే తెలుసా మీకు?"

"తెలుసండీ. కొత్త తాడుకి ఆ రోజే చెప్పాను. ఇవాళ వచ్చింది. రేపు పొద్దున ఎవరికీ తెలియకుండా మార్చేద్దామనుకున్నాను. అప్పటిదాకా నేనొక్కణ్నే కదా ఎక్కేది అనుకున్నాను."

ఆవిడ ఆయన్ని తిట్టి ఉంటే బాగుండేది. హాలు తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. వారంలో హాలు మూతబడింది. నాటకం పోయింది. పాత తాడుని బావ విప్పి చూస్తే, ఆరు పాయల్లో నాలుగు తెగి ఉన్నాయి.

అక్క ఆయనతో మాట్లాడ్డం మానేసింది. కొన్నాళ్లకి మళ్లీ మొదలుపెట్టింది, సంసారం కదా. నాకు మాత్రం ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. ఒకరోజు రెండో అంతస్తు వరండాలో బావ పనిముట్లు తుడుచుకుంటుంటే ఎదురుగా కూర్చున్నాను.

"బావా, నిజం చెప్పు. ఆ రోజు పైన ఉన్నది నేను కాకుండా మందుల షాపాయనైతే?"

"దించేవాణ్ని."

"అది నాకు తెలుసు. చీటీ మీద ఏ తేదీ వేసేవాడివి?"

ఆయన పానా తుడవడం ఆపాడు. మా బావ అబద్ధం చెప్పలేడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"ఆ రోజుదే వేసేవాణ్నేమో అమ్మాయ్" అన్నాడు. "ఇప్పుడే చూశానని."

నేను లేచాను. అరచేతిలో మచ్చ చూసుకున్నాను. ఆయన మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

ఇప్పుడు ఆయన లిఫ్టు గూట్లో పాడడు. మూడో అంతస్తు ముసలావిడ ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంది. పని మాత్రం ఎప్పటిలాగే చేస్తాడు. నిన్న షాపు నుంచి వచ్చేసరికి మా లిఫ్టులో కొత్త తెల్ల చీటీ ఉంది. అన్నీ బాగున్నాయని, కింద ఆయన గుండ్రటి సంతకం, నిన్నటి తేదీ. తలుపు తెరిచే ఉంది. కాళ్లు పీకుతున్నాయి, చేతిలో రెండు సంచులున్నాయి.

ఆ తేదీని కాసేపు చూశాను. తర్వాత సంచులు రెండు చేతుల్లోకీ సర్దుకుని, మెట్ల వైపు నడిచాను.