‘బేర్’ అనే క్రియ, మెహరున్నీసా టీచరుగారు

మెహరున్నీసా టీచరుగారు పోయారు. ఈ ఒక్క వాక్యం రాసి కలం పక్కన పెట్టి, మళ్ళీ తీసేసరికి రెండు రోజులు గడిచాయి. శుక్రవారం పొద్దున్నే ఆమె మరిది ఖాదర్ ఫోన్ చేసి, “మాస్టారూ, వదినగారు తెల్లారుజామున పోయారండీ, నిద్రలోనే,” అన్నాడు. “సరే బాబూ, వస్తాను,” అన్నాను. ఆత్మీయుల మరణవార్త విన్నవాడు అనవలసిన మాట అది కాదని నాకూ తెలుసు. కానీ ఈ మధ్య కబురు వెనక కబురు వింటూ మనసు మొద్దుబారిపోయింది. ఫోన్ పెట్టేసి మంచినీళ్ళు తాగాక గానీ ఏం విన్నానో బుర్రకెక్కలేదు.

మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా లేచింది. నడిచినంత దూరం మనుషులు భుజాలు మార్చుకుంటూనే ఉన్నారు. ఖాదర్ నన్ను పిలిచి కొద్ది దూరం నా భుజానికీ చోటిచ్చాడు. నా మోకాళ్ళ సంగతి తెలిసినవాడు గనక, పడిపోతే పట్టుకోవడానికన్నట్టు పక్కనే నడిచాడు. ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులైనవాళ్ళు, వీధి మలుపుదాకా వచ్చి అక్కడే ఆగిపోయారు.

ఆమెను ఎరుగని పాఠకుల కోసం చెప్పాలి. తాడేపల్లిగూడెం ఉన్నత పాఠశాలలో ఆమె ఇంగ్లీషు బోధించేవారు, నేను తెలుగు. ఇద్దరిదీ ఏలూరే కావడం వల్ల పాసింజరు బండిలో కలిసి వెళ్ళివచ్చేవాళ్ళం. ఆమె భర్త రహీం సాహెబు గారికి పేరున్న దర్జీ దుకాణం ఉండేది. జాకెట్టు కుట్టినా కోటు కుట్టినా ఆయన చెయ్యి పడితే తిరుగులేదనేవారు. నడివయసులోనే పక్షవాతం వచ్చి ఆ చెయ్యే పడిపోయింది. మాట కూడా ముద్దగా అయింది. తెల్లవారకముందే లేచి, ఆయనకు స్నానం చేయించి, పక్కబట్టలు ఉతికి ఆరేసి, ముసలి అత్తగారికి అప్పగింతలు చెప్పి ఆమె బండి అందుకునేవారు. దెందులూరు దాటేసరికి కూర్చున్నచోటే కళ్ళు మూతలుపడేవి. భీమడోలులో జనం ఎక్కే గోలకి ఉలిక్కిపడి, సంచిలోంచి నిఘంటువు తీసేవారు.

పాఠం చెప్పడంలో ఆమెది అనితరసాధ్యమైన పద్ధతి. ఒకసారి పదో తరగతిలో ‘ఐ కెనాట్ బేర్ ఇట్’ అనే వాక్యాన్ని తెలుగు చెయ్యమన్నారట. కొల్లేటి పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి, “నేను దాన్ని ఎలుగుబంటి చెయ్యలేను,” అని చదివింది. పక్క గదిలో సంధులు చెబుతున్న నాకు ఆ నవ్వుల హోరు వినబడింది. వెనువెంటనే ఆమె గొంతూ వినబడింది.

“నవ్వకండి. తప్పు పిల్లది కాదు. ఎలుగుబంటి మాట వేరే ఇంటిది, ఈ మాట వేరే ఇంటిది. పేర్లు కలిశాయంతే. ఏమ్మా, మీ అమ్మ చేపల తట్ట మోస్తుందా?”

“మోస్తుందండీ.”

“అది బేర్. నిన్ను కడుపులో మోసి కంది. అదీ బేరే. చెట్టు కాయలు కాస్తే, అదీ. తలనొప్పొస్తే ఓర్చుకుంటాం చూడు, అదీ. ఇన్ని పనులూ ఆ ఒక్క మాటే చేస్తుంది, పాపం.”

ఆ ‘పాపం’ అన్నమాట నాకు నచ్చింది. సాయంత్రం బండిలో అదే ప్రస్తావన తెచ్చాను. ఆ క్రియకు చుట్టాలెందరో ఆమె వరసపెట్టి చెప్పారు. పుట్టుకను చెప్పే బర్త్, బరువును చెప్పే బర్డెన్ దాని సొంత పిల్లలు. లాటిను భాషలో ‘ఫెర్’ అని దానికో తోబుట్టువుంది. ట్రాన్స్‌ఫర్ అంటే అవతలికి మోసుకుపోవడం, సఫర్ అంటే కింద ఉండి మోయడం. శవాన్ని మోసే పాడెకి ఇంగ్లీషులో ఉన్న ‘బియర్’ అనే పేరూ ఆ కుదురుదేనట. “ఆ ఒక్క చుట్టాన్నీ పిల్లలకి చూపించలేదండీ,” అన్నారు.

నేనూరుకుంటానా! మన ‘భృ’ ధాతువూ దానికి దాయాదేనని, భారం, భరణం, ఆభరణం, భృత్యుడు అన్నీ అందులోంచి వచ్చినవేనని చెప్పాను.

“మరి భర్తో?”

“భరించేవాడండీ. భార్య అంటే భరింపదగినది.”

ఆమె కిటికీలోంచి చేల వైపు చూశారు. “అయితే మాస్టారూ, మా ఇంట్లో భర్తని నేనేనండీ!” అని పకపకా నవ్వారు. పెట్టెలో వాళ్ళందరూ తిరిగి చూశారు. ఆ నవ్వులోని అలసట నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

కొన్నేళ్ళకి అత్తగారు కాలం చేశారు. పగటిపూట ఇరుగుపొరుగులు తొంగి చూసేవారు, అంతే. ఆమె చిక్కి సగమయ్యారు. అలాంటి రోజుల్లో ఊళ్ళో ఒక సంఘం వారు ‘సహనమూర్తి’ అని ఆమెకు సన్మానం తలపెట్టారు. వద్దన్నా వినలేదు. వక్త ఒకాయన ఆమెను భూదేవితో పోల్చి, స్త్రీ సహనం మీద ఎడతెగకుండా మాట్లాడాడు. చప్పట్లయ్యాక ఆమెను మాట్లాడమన్నారు. శాలువా భుజం మీంచి తీసి మడత పెట్టి, బల్ల మీద ఉంచి, ఆమె అన్న మాటలివి:

“మీ అభిమానానికి నమస్కారమండీ. కానీ నాకు సహనం లేదు. దారి లేదంతే. మీరు పొగుడుతుంటే భయమేస్తోంది, ఇంకా మొయ్యమంటారేమోనని. నేను చాలా అలిసిపోయానండీ.”

 ఆ మర్నాడు ఆమె బండికి రాలేదు. ఖాదర్‌ని పిలిచి, “మీ అన్నయ్యని చూసుకో,” అని చెప్పి, అత్తిలిలో ఉన్న తన అక్కగారింటికి వెళ్ళిపోయారు.

మంచాన పడ్డ మొగుణ్ణి వదిలేసి పోయిందని ఊరు ఊరంతా అనుకుంది. ముందురోజు చప్పట్లు కొట్టినవాళ్ళే ఎక్కువ అన్నారు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, మాట్లాడి రమ్మని హెడ్మాస్టరుగారు నన్ను పురమాయించారు. నా భార్య సుభద్రను తోడు తీసుకుని అత్తిలి బస్సెక్కాను. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం. అక్కగారు గుమ్మంలోనే ఆపి, “పడుకుందండీ. వచ్చినకాడ్నించీ పడుకునే ఉంది. నేను లేపను. ఏమనుకోకండే,” అన్నారు. అలాగేనని అరుగు మీద కూర్చున్నాం. ఎండ వాలాక ఆమే లేచి వచ్చారు. ముఖం ఉబ్బి, చిన్నపిల్లలా ఉన్నారు.

“తీసుకెళ్ళడానికొచ్చారా మాస్టారూ?”

నేనేదో అనబోయాను. సుభద్ర నా చెయ్యి నొక్కి, “చూసిపోదామని వచ్చామండీ. మీరు ఓపిక వచ్చినప్పుడే రండి,” అంది. ఆమె కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆమె కంటతడి చూడడం అదే మొదలు. అక్కగారిచ్చిన టీ తాగి, హెడ్మాస్టరుగారి సందేశం చెప్పకుండానే తిరిగి వచ్చేశాం.

వారానికి ఆమె తనంత తానే వచ్చారు. భర్త ముఖం చూడడానికి భయపడుతూ గది గడప దాటారట. ఆయన ముద్దమాటల్లో ఏదో అన్నారు. చెవి దగ్గర పెట్టి వింటే, “అప్పుడే వచ్చేశావేం? ఇంకో నాలుగు రోజులుండాల్సింది,” అని. ఈ సంగతి నాకు చెబుతూ ఆమె, “ఆయనకి తెలుసండీ. అందరికన్నా ముందు ఆయనకే తెలుసు. చెప్పడానికే నోరు లేదు,” అన్నారు.

ఆ సాయంత్రమే మరుదులను కూర్చోబెట్టి, ఇక తానొక్కతే మోయనని స్పష్టంగా చెప్పారు. రాత్రుళ్ళు ఖాదర్ వంతు, ఆదివారాలు చిన్న మరిది వంతు. వాళ్ళు గొణిగారు, అలిగారు, ఆఖరికి ఒప్పుకున్నారు. అన్న గడ్డం గీయడం ఖాదర్ అప్పుడే నేర్చుకున్నాడు. రహీం సాహెబు గారు పోయేనాటికి అన్నదమ్ముల మధ్య పూర్వం లేని దగ్గరతనం ఏర్పడింది. అది ఆమె చేసిన మేలని ఎవరూ పైకి అనలేదు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆమె ఎంచుకున్న పని గురించి కొద్దిమందికే తెలుసు. ఎవరింట్లో దీర్ఘరోగి ఉన్నారని తెలిసినా, వారానికో పూట వెళ్ళేవారు. రోగి కోసం కాదు, రోగిని చూసుకునేవారి కోసం. “లేవండి, చెప్పులేసుకోండి. సినిమాకెళ్ళండి, బజారుకెళ్ళండి, ఊరికే తిరిగి రండి. ఈ మూడు గంటలూ నావి,” అని బయటికి తోసేసేవారు. కులమూ మతమూ చూసేవారు కాదు. ఎవరైనా పొగడబోతే, “పొగడకండే. పొగడ్తల సంగతి నాకు తెలుసు,” అని నవ్వేసేవారు.

తుంటి ఎముక విరిగి సుభద్ర మంచాన పడ్డప్పటి నుంచి మా ఇంటికి ఆదివారాలు కేటాయించారు. మొదట్లో మొహమాటపడితే నన్ను కసిరారు. నేను కాలవ గట్టున అలా నడిచి, ఎవరైనా మిత్రుడు కనబడితే కాఫీ తాగి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఉండేవారు. ఏమిటని అడిగితే చెప్పేవారు కాదు. ఆ కాస్త గాలే నన్ను ఇన్నాళ్ళూ నిలబెట్టిందని ఇప్పుడు తెలుస్తోంది.

మహామహుల గురించి రాసేటప్పుడు వారి స్థానం శూన్యమైపోయిందని రాయడం పరిపాటి. నేనూ ఎందరి గురించో రాశాను. ఈవిడ విషయంలో ఆ శూన్యం నా ఇంట్లో ఆదివారం మూడు గంటలకు వచ్చి కూర్చుంటుంది. నాకన్నా చిన్నదైన ఆ విదుషీమణికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఇంతకన్నా గొప్పగా రాసే ఓపిక ఇవాళ నాకు లేదు.

సుభద్రకు ఈ కబురు చెప్పలేదు. జనాజాకు వెళ్ళినప్పుడు కూడా బ్యాంకులో పనుందని, పక్కింటావిడను కూర్చోబెట్టి వెళ్ళాను. నిన్న ఆదివారం మధ్యాహ్నం నుంచీ తను గుమ్మం వైపే చూస్తోంది.

“టీచరుగారు ఇంకా రాలేదేంటండీ?”

ఇక దాచలేకపోయాను. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాను. తను ఏడవలేదు. గుమ్మం వైపు మరోసారి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, “మరి మీరు బయటికెలా వెళ్తారండీ?” అంది.