రెండొందల పద్నాలుగో రూలు

స్తెఫను సారుకు లోకంలో గిట్టని పని ఒక్కటే, వచ్చిన మెయిలును చేత్తో పక్కకు జరపడం. రూలుండగా దానికి మనిషెందుకు అంటాడు. ఎవరు పంపారు, లోపల ఏ మాట ఉంది అన్నది చూసుకుని మెయిలు తనంతట తానే వెళ్లి తన ఫోల్డరులో కూర్చోవాలి. అలా పెట్టిన రూల్స్ అక్షరాలా రెండొందల పద్నాలుగని ఆయన లెక్క. దేవుడు మోషేకు పది ఆజ్ఞలే ఇచ్చాడు కదా అని చర్చిలో ఎవరో ఎత్తిపొడిస్తే, అప్పట్లో మెయిళ్లు తక్కువ అన్నాడట.

భద్రాచలం అవతల అడవి ఊళ్లలో చిన్న చిన్న బడులు నడిపే ఒక సంస్థకు ఖమ్మంలో ఉన్న ఆఫీసు ఆయనది. ఆఫీసంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. రెండు గదులు, రెండు కంప్యూటర్లు, ఇద్దరు మనుషులు. ఆ రెండో మనిషి నజియా. కంప్యూటర్ల పని చూడటానికి నాలుగు నెలల కింద బోనకల్ నుంచి వచ్చింది. ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉంటోంది. చేరిన రోజు ఆయన కూర్చోమని కూడా అనలేదు. తలెత్తి చూసి, నిన్ను ఏ ఫోల్డర్ల వెయ్యాలమ్మా అని అడిగాడు. నజియా ఆ రాత్రి తల్లికి ఫోన్ చేసి, ఇక్కడ ఎక్కువ రోజులు ఉండనని చెప్పింది.

తర్వాత ఆ ఫోల్డర్లు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. ‘అర్జంటు’ అన్న మాటున్న ప్రతి మెయిలూ ‘అర్జంటు కానివి’లోకి పోతుంది. ఆశ్చర్యార్థకాలు రెండు దాటితే ‘చల్లారినంక’లో పడుతుంది. దాన్ని మూడు గంటల తర్వాతే తెరుస్తాడు. ‘పైవారికి తెలియజేస్తాం’ అని బెదిరించే వాటికి ‘తెలుపుకోనీ’ అని ప్రత్యేకంగా ఒకటుంది. చిత్రమేమిటంటే, ఇన్ని చేసినా ఆ ఆఫీసులో ఏ పనీ ఆగలేదు.

మెయిళ్లతో ఆగితే బాగుండేది. కింద చాయ్ హోటల్ నడిపే సర్వర్ భాయ్‌కు కూడా ఆయన రూల్స్ రాసిచ్చాడు. పదికి ముందొస్తే చక్కెర లేకుండా, నాలుగు తర్వాతైతే చక్కెరతో, వాన పడితే అల్లం వేసి. అడగాల్సిన పని లేదు. ఒక్క చాయ్‌కి ఇన్ని షరతులు నిఖాలో కూడా ఉండవని సర్వర్ మొత్తుకున్నాడు, కానీ పాటించాడు. పాలవాడికి గుమ్మానికి వేలాడే రంగు చీటీ, కూరగాయలామెకు వారానికొక జాబితా, ఇంటాయనకు ఒకటో తారీఖున కిరాయి దానంతటదే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయనకు అడగకుండానే అన్నీ జరిగిపోయేవి.

అక్కడే వచ్చింది చిక్కు. అన్నీ అడగకుండా జరిగిపోతే ఇక ఎవరు పలకరిస్తారు? భార్య లేదు, పిల్లలు లేరు. పెళ్లి మాట కూడా ఏ ఫోల్డర్లోనో పడి ఉండిపోయిందని సర్వర్ అనుమానం. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ మనిషితో పని మాట తప్ప ఒక్కరు ఒక్క మాట మాట్లాడకుండా రోజు గడిచిపోయేది. ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి, ఖాళీ గదిలో ఫ్యాను వేసుకుని కూర్చునేవాడు. నజియాకు కూడా ఆదివారాలు గడిచేవి కావు. ఒకసారి అటుగా వచ్చి కిటికీలోంచి ఆయన్ని చూసింది. లోపలికి వెళ్లడానికి మొహమాటపడి తిరిగి గదికి పోయింది. ఇద్దరూ ఇద్దరే.

ఇక ఆ రెండొందల పద్నాలుగో రూలు సంగతి. చర్ల దాటి అడవిలో ఒక కోయ గూడెంలో బడి ఉంది. ఇరవై ఇద్దరు పిల్లలు. అంతకు ముందు ముగ్గురు టీచర్లు నెల తిరక్కుండానే పెట్టె సర్దుకున్నారు. నాలుగో మనిషి కమ్లి, రెండేళ్లుగా అక్కడే ఉంది. ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ పెరిగిన పిల్ల. ఊళ్లో వాళ్లది కోయ భాష. సిగ్నలు కావాలంటే గుట్ట ఎక్కాలి. రోజూ అయిదున్నరకు ఎక్కి, ఇవాళ ఇంతమంది వచ్చారు, ఫలానా పాఠం అయింది అని మెయిలు పెడుతుంది. పది నిమిషాల్లో జవాబు వచ్చేది: ‘అందింది. అన్నం తిన్నవా?’

ఆఫీసు జవాబు అన్నం గురించి అడగడమేమిటని మిగతా బడుల టీచర్లంతా పడీ పడీ నవ్వేవారు. అది ఆటోమేటిక్, తన రెండొందల పద్నాలుగో రూలు అని స్తెఫను సారు గర్వంగా చెప్పేవాడు. అందులో నలభై షరతులున్నాయట. ‘జ్వరం’ అని రాస్తే గోళీ వేసుకోమని పోతుంది, ‘వాన’ అంటే పొద్దుగూకక ముందే గుట్ట దిగమని పోతుంది. నెలవారీ మీటింగుకు ఖమ్మం వచ్చినప్పుడు కమ్లి మాత్రం నవ్వలేదు. నజియా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

“ఆడ నా మాట తెలిసినోళ్లు లేరక్కా. తిన్నవా అని అడిగేది ఆ మిషన్ ఒక్కటే. అది గూడ లేకపోతే ఎప్పుడో బస్సెక్కేదాన్ని.”

డిసెంబరులో హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి డైరెక్టర్ క్రిస్టోఫర్ గారు ఆ బడిని చూడటానికి వెళ్లారు. ఆయన ఫోన్ అక్కడ పనిచేయలేదు. గుట్టెక్కి, కమ్లి ఫోన్లోంచే, కమ్లి మెయిలు మీదే ఆఫీసుకు రాశారు: ‘తనిఖీ ఉంది. హాజరు పట్టిక కాపీ వెంటనే పంపండి.’ కింద పేరు పెట్టలేదు. డైరెక్టర్లకు ఆ అవసరం ఎప్పుడు పడింది కనుక. ఎనిమిది నిమిషాల్లో కాపీ వచ్చింది, దాంతోపాటు జవాబూ వచ్చింది: ‘అందింది. అన్నం తిన్నవా? తనిఖీ అంటే భయపడకు. ఆ సార్లు అరుస్తరు గానీ కరవరు.’

క్రిస్టోఫర్ గారు కరవలేదు గానీ, అరిచిన అరుపుకు పిల్లలు పలకలు పడేసి గుట్ట వైపు చూశారట. ఒక మిషన్ తనను నువ్వు అనడమా! ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, మర్నాడు ఫోన్ నజియాకు వచ్చింది. సాయంత్రం అయిదున్నరలోగా ఆ ఆటోమేటిక్ రూలు తీసెయ్యాలి, తీసేశానని రాసి పంపాలి.

స్తెఫను సారు ఆ మాట విని తలూపాడు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి, తేలు కుట్టిన దొంగలా వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నజియాకు మాత్రం చెయ్యి రాలేదు. తను ఒక్క బటన్ నొక్కితే కమ్లి బస్సెక్కుతుంది, ఇరవై ఇద్దరు పిల్లల బడి మూతపడుతుంది. అయినా ఉద్యోగం కదా, జాబితా తెరిచింది. రెండొందల పదమూడు రూల్స్ ఉన్నాయి. రెండొందల పద్నాలుగోది లేదు. పైనుంచి కిందికి రెండుసార్లు వెతికింది. అన్నం లేదు, గోళీ లేదు, నలభైలో ఒక్క షరతూ లేదు.

పంపిన మెయిళ్లు తెరిచింది. రెండేళ్ల జవాబులు అక్కడున్నాయి. ఒకటి అయిదూ ముప్ఫైనాలుగుకు పోయింది, ఒకటి ముప్ఫైతొమ్మిదికి. ‘అన్నం తిన్నవా’ దాటితే ఏ ఒక్కటీ ఇంకొకదానిలా లేదు. అక్టోబరులో ఆయన డెంగీతో దవాఖానాలో పడుకున్న నాలుగు రోజులూ జవాబులు ఆయన ఫోన్లోంచి పోయాయి. నజియా కిటికీ వైపు తిరిగింది.

“సార్, ఇవన్నీ మీరే రాసిండ్రా?”

ఆయన వెనక్కి తిరగలేదు. “ఒంటరి ఆడపిల్లకు మగోడు రోజూ మెయిల్ పెడితే నలుగురు నాలుగు మాటలంటరమ్మా. మిషన్ అడిగితే ఎవరేమంటరు? ఇగ బంద్ జేస్త. హెడ్డాఫీసు వద్దన్నది గదా.”

“మిషన్ జవాబు వద్దన్నరు సార్. మనిషి జవాబు వద్దనలే.”

ఆమె అక్కడే డైరెక్టరుకు రాసింది. మెయిల్‌బాక్సు మొత్తం వెతికాను సార్, మీరు చెప్పిన ఆటోమేటిక్ రూలు ఇందులో లేదు అని. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తృప్తిగా ఉంది, థాంక్స్ అని ఆయన వెంటనే జవాబిచ్చాడు.

అయిదూ ముప్ఫైఒకటికి కమ్లి మెయిలు వచ్చింది. స్తెఫను సారు కుర్చీలో కూర్చున్నాడు గానీ వేళ్లు కదలడం లేదు. నజియా కుర్చీ దగ్గరకు లాక్కుంది.

“కింద మీ పేరు పెట్టుండ్రి. పక్కన నా పేరు గూడ. ఇద్దరం కలిసి అడిగితే ఎవరేమంటరో చూద్దాం.”

అలాగే పోయింది. ఇక ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. ఏడు నిమిషాలకు గుట్ట మీంచి తిరుగు జవాబు వచ్చింది: ‘తిన్న సార్. మీరేనని నాకు మొదట్నించి అనుమానమే. మరి మీరు తిన్నరా?’

మిషన్ని ఎవరూ ఆ మాట అడగరు. అందుకే రెండేళ్లలో ఆయన్ని ఎవరూ అడగలేదు. స్తెఫను సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఏం రాయాలమ్మా అని నజియాను అడిగాడు. తిన్నది రాయమంది.

ఎప్పుడూ రెండు లైన్లు దాటని మనిషి ఆ సాయంత్రం ఇరవై ఆరు లైన్లు రాశాడు. పొద్దున వండిన టమాట పప్పుతో మొదలుపెట్టి, పోపులో ఎండుమిరప ఎందుకు మాడిందో, ఉప్పు రెండుసార్లు ఎలా పడిందో అంతా వివరించాడు. నజియా చదివి, ఉప్పు సంగతి తీసెయ్యండి సార్ అంది. ససేమిరా అన్నాడు.