ఒక్కపొద్దుండి సూసిన సినిమ

మొన్న శుక్రారం బోధన్ టాకీసుల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో, ఎట్ల మిగిలిందో వేరేటోళ్లు చెప్పకముందే నేనే చెప్త.

బస్టాండు గోడకు పెద్ద పోస్టర్ అంటిచ్చిండ్రు. ఎర్రచీర, ఇరబోసిన జుట్టు, చేతిల కొడవలి, కాలికింద ఒక మీసాలోడు. ఎల్లమ్మ తల్లి సినిమనే అనుకున్న. వాడకట్టు ఆడోళ్లందరికి చెప్పిన.

నా యారాలు, మా మరిది పెండ్లాం రాజవ్వ అడిగింది. "అక్కా, కింద రాసింది సదివినవా?"

నా కొడుకు పెండ్లిల నాకంటె ముందు విస్తరి ముంగట కూసున్న మనిషి ఆమె. గసొంటి దానికి నాకు సదువు రాదని ఎట్ల చెప్త? నాకొచ్చేది సంతకం ఒక్కటే.

"సదివిన" అన్న.

తొమ్మిది మందిమి ఒక్కపొద్దుండి, తలకు పోసుకొని మ్యాట్నీకి పోయినం. దేవుని సినిమకు చెప్పులతోని కూసునుడు నాకు నచ్చది. ఆడోళ్ల బెంచీల కాడ అందరితోని ఇడిపిచ్చిన. మొగోళ్లకు మాకు నడుమ పర్ద. తెర మీద ఆమె రాంగనే నేను లేసి కర్పూరం ముట్టిచ్చిన. ఆమె బీడీ ముట్టిచ్చింది.

రాజవ్వ నా చెవుల అడిగింది. "అక్కా, గిది ఏ అమ్మోరు?"

"ముంగట సూడు, తెలుస్తది."

లేసి పోతె సదవలేదని ఒప్పుకున్నట్టే. కూసున్న.

తెర మీదామె కూలికి పోయే పిల్ల. దొర చెరిచిండు. అటెన్క ఆ పిల్లనే వానల నిలవెట్టి ఒక పాట. తీసినోడు ఆమె మొకం కంటె తడిసిన రైకనే ఎక్కువ సూపెట్టిండు. పర్ద అవుతల ఈలలే ఈలలు. మేం తలకాయలు దించుకున్నం. నా పక్కన నా కోడలుంది. ఆమెను తోలుకొచ్చింది నేనే.

ఆఖర్ల చెరుకుతోటల ఆ పిల్ల దొర మీద కొడవలి లేపింది. వాడు కాళ్ల మీద వడి ఏడ్సిండు. అవుతల ఒక్క ఈల లేదు, అందరు గప్‌చుప్. గప్పుడు ఆడోళ్ల దిక్కు నుంచి ఒక గొంతు లేసింది.

"ఇడువకు బిడ్డా, నరుకు."

టాకీస్ మొత్తం ఇన్నది. గొంతు నాదే. ఆరేండ్ల సంది నా ముంగట తల ఎత్తని కోడలు నా మొకం దిక్కు సూసింది.

ఇంటికి రాంగనే కొడుకు దర్వాజల నిలవడి అడిగిండు. "అవ్వా, ఏం సినిమనే?"

మేం వాకిట్ల చెప్పులు ఇడిసినం. రాజవ్వ ముంగటికొచ్చింది.

"అమ్మోరి సినిమనే బిడ్డా. మీ అవ్వనే సదివి తీస్కపోయింది."

నవ్వకుంట చెప్పింది. తన చెప్పులు తను ఏస్కోని పోయింది.

ఆమె చేసిన తప్పులు నాకు శాన యాదికున్నయి. ఒకటెన్కొకటి మాఫ్ చేస్తనేమో. నన్ను కాపాడింది గద, గదొక్కటి మాత్రం జిందగీల మాఫ్ చెయ్య.