చప్పుడు పోయిన జీపు

అమీనుద్దీన్ జీపు ఎక్కేటప్పుడు దేవుడి మీద నమ్మకం లేనివాడికి కూడా దిగేటప్పటికి కుదిరేది. ఆయన చెడ్డ డ్రైవరని కాదు. ఆ రోజుల్లో కోరుట్ల నుంచి రుద్రంగి దాకా అంత నిదానంగా బండి నడిపే మనిషి ఇంకొకడు లేడు. తప్పంతా జీపు ఎత్తుది.

నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య కల్వర్టులు పేలిపోతున్న కాలం అది. ఒకటి లేచిపోయిందంటే మళ్లీ కట్టేవాళ్లుండరు. కట్టడానికి వచ్చిన కాంట్రాక్టరు ఒకరోజు కనబడి రెండోరోజు మాయమయ్యేవాడు. జీపులు వాగులోకి దిగి రాళ్ల మీదుగా అవతలి గడ్డకు ఎక్కాలి. అందుకని ప్యాసింజర్ జీపుల వాళ్లంతా లారీల కింద స్ప్రింగుల్లా ఉండే పాత కమాన్ పట్టీలు తెచ్చి, ఉన్నవాటికి జోడించి, బండ్లను జానెడు లేపుకున్నారు. అమీనుద్దీన్ ఇంకొంచెం లేపించాడు. చాయ్‌లో చక్కెరైనా, జీపులో మనుషులైనా ఆయనకు ఎప్పుడూ ఇంకొంచెం కావాలి.

ఎత్తు పెరిగాక జీపు వాగులు బాగానే దాటింది కానీ మూల తిరిగితే ఒరగడం మొదలుపెట్టింది. వెనక ఇరుసు దగ్గర అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. బండి ఒక పక్కకు ఒరిగితే రెండో పక్కను కూడా పట్టి లాగి నిలబెట్టడం దాని పని. మెకానిక్కులు దాన్ని బ్యాలెన్స్ రాడ్ అంటారు. ఆ రాడ్ కొసలను పైన ఛాసిస్‌తో కలిపే పొట్టి కడ్డీలు రెండు ఉంటాయి, అవి లింకులు. అవి నిటారుగా నిలబడితేనే రాడ్ పని చేస్తుంది. జీపును లేపినప్పుడు లింకుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పాతవే ఉంచేశారు. పొడుగు చాలక అవి గోడకు జారగిలబడ్డ తాగుబోతుల్లా వాలిపోయాయి. రాడ్ మొండికేసింది. లింకుల కొసల్లోని రబ్బరు బుష్షులు అరిగిపోయి జీపు నడిచినంతసేపూ కటకటా కొట్టుకునేవి.

ఆ కటకట ఊళ్లన్నిటికీ అలవాటైపోయింది. జీపు ఇంకా చెరువు కట్ట మీద ఉండగానే ఆడవాళ్లు సంచులు సర్దుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. నేను కోరుట్లలో బడిపంతులును, సెలవు రోజుల్లో ఊరికే ఆ జీపులో ముందు సీటులో కూర్చుని తిరిగేవాణ్ణి. ఆయన కబుర్ల కోసం ఎముకలు విరగ్గొట్టుకోవడానికి సిద్ధపడ్డ వెర్రివాళ్లలో నేను మొదటివాణ్ణి.

ఒకనాడు రుద్రంగి అవతలి పల్లె నుంచి సారయ్య అనే రైతు వచ్చాడు. కొడుకు మొగిలికి మేడిపల్లి పిల్ల జమునతో పెళ్లి. వైశాఖంలో జరగాల్సింది బంద్ వల్ల ఆగిపోయి శ్రావణానికి వచ్చింది. పిల్ల అన్న హన్మంతుకు అప్పటి నుంచీ కోపంగా ఉంది.

"ఈ లగ్గం గూడ తప్పితే సంబంధం లేదన్నడు, అమీన్ భాయ్. పొద్దుగాల్నే జీపు గావాలె," అన్నాడు సారయ్య. "ఇంకో మాట. మా అవ్వ గూడ ఎక్కుతది. కట్ట మూల మీద నీ జీపు గట్ల ఒరిగితే ముసల్ది పానం ఇడుస్తది. జెర సూడు."

"అవ్వను పువ్వు లెక్క తీస్కపోత," అన్నాడు అమీనుద్దీన్.

మాట ఇచ్చాక మనిషికి నిద్ర లేదు. జీపును మెకానిక్ బుర్హానుద్దీన్ ఉస్తాద్ షెడ్డులో పెట్టాడు. ఉస్తాద్ బండిని జాకీ మీద లేపి, కింద దూరి, కొలిచి, పొడుగు లింకులు చేసి బిగించాడు. అందరం మెచ్చుకున్నాం. జాకీ తీసి మనుషులు ఎక్కగానే ఆ లింకులు ఈసారి రెండో వైపుకు వాలాయి. ఉస్తాద్ గడ్డం గోక్కుని తనను తానే ఉర్దూలో తిట్టుకున్నాడు.

"దండెం మీద ఆరేసిన అంగీని కొలిచి మనిషికి కుట్టిన," అన్నాడు. "ఖాళీ బండి కొలతేంది? జీపు నిండ మనుషులను ఎక్కియ్, అప్పుడు కొలుస్త."

మనుషులకేం కొదవ? పక్కనే చాయ్ హోటల్. గ్లాసులు పట్టుకున్నవాళ్లను పట్టుకున్నట్టే తెచ్చి జీపులో కూర్చోబెట్టారు. "సారూ, మీరు ఎన్కకు రండ్రి. బరువున్న మనుషులు ఎన్కనే ఉండాలె," అన్నాడు ఉస్తాద్ నా పొట్ట వైపు చూసి. అవమానం మింగి ఎక్కాను. మేం చాయ్ తాగుతూ రాజకీయాలు మాట్లాడుతుంటే ఆయన మా కింద వెల్లకిలా పడుకుని కొలతలు తీశాడు. ఎవడైనా నవ్వినా కింద నుంచి తిట్లు వచ్చేవి. మధ్యలో ఒకాయన మూత్రానికి దిగిపోతే, ఆయన తిరిగొచ్చేదాకా పని ఆగింది. బరువుతో బండి ఎంత కిందికి కూర్చుంటుందో చూసి దానికి తగ్గట్టు లింకులు మళ్లీ కోశాడు, పై కొస పట్టుకునే కొక్కేన్ని బొటనవేలి మందాన వెనక్కి జరిపి వెల్డింగ్ చేశాడు. అప్పుడు చూస్తే మేమంతా ఎక్కి ఉండగానే రాడ్ నేలకు సమంగా పడుకుంది, లింకులు నిటారుగా నిలబడ్డాయి.

అందరం కలిసి చెరువు కట్ట మీదికి పోయాం. మూల మీద జీపు ఒరగలేదు. చప్పుడు అసలే లేదు. ఇంజను మెత్తగా గొణుగుతోంది, అంతే. అమీనుద్దీన్ ముఖం చూడాలి! కొత్త పెళ్లికొడుకు కూడా అంత మురవడు. ఇంటికి పోతే భార్య జమాలున్నీసా పొయ్యి కూడా ముట్టించలేదట. "నువ్ అచ్చినట్టు నాకేం ఎర్క? చప్పుడే లేకపాయె," అందట. మర్నాడు ఆయన అది చెబితే హోటల్లో అందరం పడీపడీ నవ్వాం. ఆ మాటలో ఏముందో మాలో ఒక్కడికీ తట్టలేదు.

పెళ్లి రోజు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. సన్నటి జల్లు. రోడ్డు పక్కన మక్క చేన్లు మనిషెత్తు ఎదిగి ఉన్నాయి. సారయ్య పల్లెలోకి జీపు మెత్తగా జారుకుంటూ పోయింది. వాకిట్లో పందిరి ఉంది, మామిడాకులున్నాయి, గడపకు పసుపు ఉంది. మనుషులు లేరు. పొయ్యి మీద ఏదో మాడుతోంది. సారయ్య తల్లి రాజవ్వ ఒక్కతే పందిరి గుంజను పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు చూపు సరిగా ఆనదు.

"బాంచెన్ సారూ, ఇంట్ల ఎవ్వలు లేరు," అంది దండం పెడుతూ.

"అవ్వా, నేను అమీన్ను. పెండ్లికి జీపు తెచ్చిన."

"పెండ్లా? మా ఇంట్ల పెండ్లేంది సారూ?" అంది మామిడాకుల కింద నిలబడి. "అమీన్ జీపు నాకు ఎర్కలేదా? కటకట అనుకుంట అత్తది. గట్ల సప్పుడు లేకుంట అచ్చే జీపు మీదే ఉంటది."

అప్పటికి గానీ మా బుర్రలకు ఎక్కలేదు. ఆ రోజుల్లో ఊళ్లోకి చప్పుడు లేకుండా వచ్చే జీపు పోలీసులదే. అది వచ్చిందంటే పడుచువాళ్లు చేన్లలో పడేవాళ్లు, వాళ్ల వెనక తండ్రులు కూడా. మేం కష్టపడి కొలిచి, కోసి, వెల్డింగ్ చేసి పోలీసు జీపు తయారు చేశాం. పెళ్లికొడుకు బాసింగంతో సహా మక్క చేనులో ఉన్నాడు.

నేను సాయం చేద్దామని, "అమ్మా, భయపడకండి, మేము మంచివాళ్లం," అన్నాను. నా బూట్ల చప్పుడు, ఆ బడి తెలుగు విని ముసలమ్మ మళ్లీ దండం పెట్టింది. అమీనుద్దీన్ నన్ను నోరు మూసుకొమ్మన్నాడు. చేను గట్టు మీద నిలబడి, "మొగిలీ! నేను అమీన్నురా! సారయ్యన్నా!" అని కేకలేశాడు. ఒక్క ఆకు కదల్లేదు. పేర్లు పెట్టి పిలవడం పోలీసులకు కూడా తెలుసు మరి.

మేడిపల్లి దగ్గర్లో లేదు. మధ్యలో వాగు ఉంది. పదకొండింటికి లగ్గం. అమీనుద్దీన్ చేను వంక చూశాడు, జీపు వంక చూశాడు. కొత్త బట్టలేసుకుని వచ్చిన మనిషి పానా తీసుకుని బురదలో వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరాడు. రెండు లింకుల కింది నట్లూ వదులు చేశాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నాకు నవ్వు వచ్చింది, ఆ కళ్లు చూశాక ఆగిపోయింది.

జీపును వాడ పొడుగునా ముందుకూ వెనక్కూ తిప్పాడు. కటకట, కటకట. మొదట రాజవ్వ ముఖం విప్పారింది. "అమీనే!" అంది. తర్వాత మక్క కంకుల మధ్య నుంచి ఒక తల లేచింది, ఇంకోటి లేచింది, చివరికి ఒక బాసింగం లేచింది. మొగిలి మోకాళ్ల దాకా బురద, పంచె చిరిగింది. సారయ్య కొడుకును చూసి ఏడవాలో నవ్వాలో తెలియక తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

అందరూ ఎక్కుతుంటే అమీనుద్దీన్ మళ్లీ జీపు కింద దూరాడు.

"ఏం జేస్తున్నవ్? అట్లనే ఉండనీ!" అని రాజవ్వ అరిచింది. "నడిమిట్ల ఊర్లు లేవా? మేడిపల్లోళ్లు గూడ ఉరుకుతరు!"

"ఉరికితే దొర్కవట్టచ్చు, అవ్వా. ఇంతమందితోని కట్ట మీద జీపు బోర్ల పడితే ఏం దొర్కది," అని కింద నుంచే అన్నాడు. నట్లు గట్టిగా బిగించాకే లేచాడు.

కట్ట మూల మీద రాజవ్వ నా చేయి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. మూల దాటిపోయి చాలాసేపయ్యాక, "ఇంక ఎప్పుడత్తది కట్ట?" అని అడిగింది.

మేడిపల్లి మొదట్లోకి చేరాం. కటకట వినబడగానే డప్పులు మొదలుపెట్టాలని ఆడపెళ్లివాళ్ల ఏర్పాటు. ఒక్క డప్పూ మోగలేదు. ముసలమ్మ చెప్పినట్టే వీధి వీధంతా తలుపులు పడి ఉన్నాయి. లగ్గానికి ఇంక ఎంతో లేదు. "మల్ల నట్టు ఇప్పు, అమీన్ భాయ్," అని సారయ్య బతిమాలాడు. అమీనుద్దీన్ పానా తీశాడు.

"ఆగుండ్రి," అని మొగిలి దిగాడు. "మా ఊర్ల ఉరికిన. ఈడ గూడ జీపుల దాసుకుంటే జమున మొకం ఎట్ల సూడాలె? నేను ముంగట నడుత్త. నా ఎన్క రండ్రి."

పొద్దున చేనులో దాక్కున్న పిల్లవాడు చిరిగిన పంచెతో, బురద కాళ్లతో, నుదుటి మీద బాసింగంతో వీధి మధ్యలో ఒక్కడే నడిచాడు. వెనక అమీనుద్దీన్ ఫస్ట్ గేరులో జీపును పోనిచ్చాడు. ఒక కిటికీ తెరుచుకుంది, ఒక తలుపు తెరుచుకుంది. హన్మంతు బయటికి వచ్చి బావ కాళ్ల బురద చూశాడు. లోపలికి పోయి తానే బిందెతో నీళ్లు తెచ్చాడు. అప్పుడు మోగాయి డప్పులు.

లగ్గం తప్పలేదు. అమీనుద్దీన్ మళ్లీ ఎన్నడూ ఆ నట్లు వదులు చేయలేదు. ప్రతి ఊరి మొదట్లో జీపు ఆపి, దిగి, బానెట్ ముందు నిలబడేవాడు. ఎవరో ఒకరు గుర్తుపట్టి చేయి ఊపాకే మళ్లీ ఎక్కేవాడు. ప్యాసింజర్లు ఆలస్యమని సణిగేవాళ్లు, నేనూ సణిగేవాణ్ణి. ఆయన బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడు.

సారయ్య పల్లెలో మాత్రం అలా నిలబడితే సరిపోయేది కాదు. రాజవ్వకు మనిషి ఆనడు, ఇప్పుడు జీపు వినబడదు. అందుకని అక్కడ వాకిట్లోకి పోయి తన చేయి ఆమె చేతిలో పెట్టేవాడు. ముసలమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటే తడిమి చూసుకుని, చేన్ల వైపు తిరిగి గొంతెత్తి పిలిచేది.

"అమీనేరా! బైటికి రాండ్రి!"