మూడో నూకరత్నం బదిలీ

“మంగళవారం స్లాబు వేసేవాళ్లకి గురువారం అన్నం పెట్టమన్నారండి. అలాగైతేనే ఉండు, లేకపోతే ఈ పాక తీయించేసి టౌన్లోంచి పొట్లాలు తెప్పించుకుంటామన్నారు. అక్కడ మొదలైందండి ఇదంతా.”

నూకరత్నం గుండిగలో పప్పు కలుపుతూనే చెబుతోంది. సామర్లకోట శివార్లలో, రైలు కట్టకి అవతల, ఒక కంపెనీ గిడ్డంగులు కడుతోంది. ఆ సైటులో రేకుల వంటపాక ఆవిడది. స్లాబు ముఠాలకు వండేవాళ్లు ఎలా బతుకుతారో తెలుసుకుందామని వెళ్లి, మూడు రోజులుగా ఆ పాకలో పీట వేసుకుని కూర్చుంటున్నాను.

ఆవిడ మొదట వంటమనిషి కాదు. లాజరు మేస్త్రి ముఠాలో కాంక్రీటు తట్టలు మోసేది. పద్నాలుగేళ్ల కిందట ఒక స్లాబు రోజున వంటవాడు రాకపోతే తట్ట దింపి ఎసరు పెట్టింది. మళ్లీ తట్ట ఎత్తలేదు. ఇప్పుడు పరిచి కట్టిన ఇనుము వైపు ఒకసారి చూసి, ఎన్ని కిలోల బియ్యం పోయాలో చెప్పేస్తుంది. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే ఆ అతుకు దగ్గర నీరు కారుతుంది. అందుకని కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతూనే ఉంటుంది, మనుషులు నలుగురేసి దిగొచ్చి తిని మళ్లీ ఎక్కుతారు. పదకొండు నుంచి మూడింటిదాకా ఆవిడ భోజనాలు వడ్డిస్తూనే ఉంటుంది. అదే సమయంలో టీలు కాయాలి, మంచినీళ్లూ ఇవ్వాలి.

చిక్కంతా ఆ ఒకే సమయంలో ఉంది.

సైటులో ప్లానింగ్ ఇంజనీరు సాయిప్రసన్న. ఆ అమ్మాయికి ఇదే మొదటి ఉద్యోగం. నాకు ఇలాంటివి ఒకరు నేర్పింది లేదు, అడిగి తెలుసుకోవడమే. అడిగితే లాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఒక్కో మనిషికి రోజుకి ఎనిమిది గంటలని ఒక గీత. పని ఆ గీత దాటితే పై భాగం ఎర్రగా లేస్తుంది. బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే ఆ ఎరుపుని తీసి ఖాళీగా ఉన్న రోజుల్లోకి సర్దుతుంది. తాపీవాళ్ల విషయంలో అది బాగానే పనిచేసిందట. ఒక వారం ముప్పైమందికి పనిపడి, ఇంకో వారం ముగ్గురికే ఉండే రోజులు పోయి, లాజరు ముఠాకి రోజూ పని దొరికింది. హైదరాబాదు ఆఫీసు సంతోషించి, సైటులో ఉన్న ప్రతి మనిషినీ అందులో ఎక్కించమంది. సాయిప్రసన్న నూకరత్నాన్ని కూడా ఎక్కించింది. మంగళవారం నాడు ఆవిడ గీత మీద ఎర్రటి మేడ లేచింది. బటన్ నొక్కితే టీ బుధవారానికి, భోజనం గురువారానికి జరిగాయి.

ఆ పట్టిక ప్రింటు తీసిచ్చిన కాగితం పట్టుకుని లాజరు చాలాసేపు గడ్డం గోక్కున్నాడట. చివరికి ఒక్కటే అడిగాడు.

“ఈ మిషను ఎప్పుడైనా స్లాబు వేసిందా అమ్మా?”

మంగళవారం నూకరత్నం ఎప్పటిలాగే వండింది. సాయిప్రసన్న కూడా తింది, చారు రెండోసారి పోయించుకుంది. తిని కూడా తినలేదని రాయడానికి చెయ్యి రాక, భోజనం పూర్తయినట్టు కంప్యూటర్లో నమోదు చేసింది. సాయంత్రానికి హైదరాబాదు నుంచి మెయిల్ వచ్చింది. భోజనాన్ని రెండు రోజులు ముందుగానే పూర్తి చేసినందుకు సామర్లకోట సిబ్బందికి అభినందనలు, మిగతా సైట్లు ఎందుకు వెనకబడ్డాయో వివరణ ఇవ్వాలి అని. మర్నాడు వేరే సైటు ఇంజనీరు ఒకాయన ఫోన్ చేసి, ఎలా సాధించారో చెప్పమని బతిమాలాడట.

అభినందనలైతే వచ్చాయి గానీ ఎరుపు పోలేదు. ఎరుపున్న పనిని బయటివాళ్లకి ఇచ్చేయాలని ఆఫీసు రూలు, అంటే పొట్లాలే. అప్పుడు సాయిప్రసన్నే దారి చూపించింది. వంటకి నూకరత్నం ఒకటి, టీకి నూకరత్నం రెండు, మంచినీళ్లకి నూకరత్నం మూడు అని వేరువేరుగా ఎక్కించింది. ఎరుపు మాయమైంది. వారం తిరక్కుండా ముగ్గురికీ కార్డులు, హెల్మెట్లు, బూట్లు వచ్చాయి. సేఫ్టీ క్లాసులో నూకరత్నం మూడుసార్లు లేచి మూడుసార్లు ప్రమాణం చేసింది.

“మూడోసారి కాస్త గొంతు మార్చేనండి,” అంది నాతో. “మరీ ఒక్కలాగే ఉంటే బాగోదు కదండి.”

ఇప్పుడు ఆవిడకి అలవాటైపోయింది. టీ ఆలస్యమైతే రెండోదానికి ఒళ్లు వంగదని విసుక్కుంటుంది. మూడోదంటే ఇష్టం. అది నెమ్మదస్తురాలట, ఎవరి జోలికీ పోదట. గొడవ దాని వల్లే వచ్చింది. మంచినీళ్ల పని రోజుకి రెండు గంటలే కాబట్టి, మూడో నూకరత్నానికి ఆరు గంటలు ఖాళీ అని సాఫ్ట్‌వేర్ కనిపెట్టింది. పట్టిసీమ దగ్గర ఇదే కంపెనీ సైటులో మంచినీళ్ల మనిషి గీత ఎర్రగా ఉంది. రెండూ సమం చేయడానికి ఉత్తర్వు వచ్చింది. మూడో నూకరత్నం రేపు పొద్దున్న ఏడింటికి జీపెక్కి పట్టిసీమ వెళ్లాలి, వారం రోజులు అక్కడే పనిచేయాలి. చేరకపోతే కార్డు రద్దు. కార్డు రద్దయితే మనుషుల్ని లెక్కపెట్టడానికి ఎవరో ఒకరు వస్తారు. వస్తే వాళ్లకి కనబడేది ముగ్గురు కాదు, ఒక్క మనిషి. ఆ రోజుతో పాక లేచిపోతుంది.

మూడోదాన్ని కంప్యూటర్లోంచి తీసేస్తే పోదా అని నేనడిగాను. రెండు వారాల ముందే రాజీనామా ఉత్తరం ఇవ్వాలంది, ఉత్తర్వు పట్టుకుని పాకలోకి వచ్చిన సాయిప్రసన్న. నూకరత్నం గరిటె ఆపి మా ఇద్దరినీ చూసింది.

“అది ఏం తప్పు చేసిందని తీసేస్తారండి?”

ఆమె వెంట వచ్చిన లాజరు తన ముఠాలోంచి ఎవరినైనా పంపుతానన్నాడు. ఎల్లుండి మళ్లీ స్లాబు, ఒక్కరు తగ్గినా మిగిలినవాళ్ల గీతలు ఎర్రబడతాయని సాయిప్రసన్న లాప్‌టాప్ చూపించింది. తర్వాత ముగ్గురూ, ముందే అనుకున్నట్టు, పీట మీద ఉన్న నా వైపు చూశారు.

“అమ్మగారికి గీత లేదు,” అంది సాయిప్రసన్న మెల్లగా.

నూకరత్నం చేతులు తుడుచుకుని వచ్చి మూడో కార్డు నా ఒళ్లో పెట్టింది.

“వారం రోజులేనండి. పేరడిగితే నూకరత్నం అని చెప్పండి, మూడు అనడం మర్చిపోకండి. కుండ రోజూ చింతపండు వేసి తోమండి. స్లాబు మీంచి దిగినవాళ్లకి చెంబెడూ ఒక్కసారే ఇచ్చేయకండి, ఆ ఎండకి కడుపులో పట్టేస్తుంది. సగం పోసి, కూర్చోబెట్టి, కాసేపాగి మిగతాది పోయండి.”